దస్తావేజు రాసేవాడు ఎవరి మనిషి?

రిగ్గైలో గురువారం రాత్రి నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే మాటలు మూడు విషయాల చుట్టూ తిరుగుతాయి. పిల్లల చదువు, అకామా, ఊళ్ళో స్థలం. మొదటి రెండూ ఎలాగోలా తేలతాయి. మూడోది తేలదు. ఒకాయన రాజంపేటలో ఐదు సెంట్లు కొన్నాడు, కొలిస్తే నాలుగున్నరే ఉంది. ఇంకొకాయన తిరుపతి దగ్గర ప్లాటు కొన్నాడు, అది ప్రభుత్వ నిషేధిత జాబితాలో ఉందన్న సంగతి అమ్మబోయినప్పుడు బయటపడింది. మూడో ఆయన పదేళ్ళు తమ్ముడికి డబ్బు పంపాడు, తమ్ముడు ఇల్లు కట్టాడు, దస్తావేజు మాత్రం తమ్ముడి పేరునే ఉంది. ఇవి వింటూ వింటూ నాకు పదిహేడేళ్ళు గడిచాయి.

రిగ్గై ఫర్వానియా గవర్నరేట్‌లో, నాలుగో రింగు రోడ్డు దగ్గర ఉంటుంది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ఉండే మాబోటి వాళ్ళమంతా అద్దెకున్నవాళ్ళమే. 1979లో వచ్చిన 74వ నంబరు చట్టం కువైట్‌లో స్థిరాస్తి కొనే హక్కును పరాయి దేశస్థులకు చాలావరకు మూసేసింది. అందుకని సంపాదన ఇక్కడ, గోడలు అక్కడ. చూడకుండా కొంటాం, చదవకుండా సంతకం పెడతాం. మన కోసం చూసేది, చదివేది వేరెవరో.

ఆ వేరెవరో ఎవరన్నది ఈ వ్యాసం. నన్ను ఈ ఆలోచనలోకి దించింది మా ఆఫీసులో పనిచేసిన ఒక ఇంగ్లీషాయన. మాదొక బ్యాంకు ప్రాజెక్టు, పాత డేటాబేసు నుంచి కొత్తదానికి లెక్కలు మార్చే పని. ఆయన అప్పుడే ఇంగ్లండులో ఒక ఇల్లు కొంటున్నాడు. మా కుటుంబం ఊళ్ళో పాత ఇల్లు అమ్ముతోందని చెబితే, "మీ సొలిసిటర్ ఏమంటున్నాడు?" అని అడిగాడు. మాకు సొలిసిటర్ ఉండడు, డాక్యుమెంట్ రైటర్ ఉంటాడన్నాను. "సరే, ఆయన ఎవరి తరఫు? నీ తరఫా, కొనేవాడి తరఫా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

రాజు మనిషి, ఊరి మనిషి

మన దగ్గర భూమి కాగితం రాసినవాళ్ళలో అందరికంటే పేరున్నవాడు నన్నయ భట్టు. పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడు నారాయణ భట్టుకు నందంపూడి అనే గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడు. ఆ దానశాసనం కూర్చినవాడు నన్నయ. ఆదికవి చేత భూమి దస్తావేజు రాయించుకున్న భాష మనది. ఆ కాలపు రాగిశాసనాల్లో నేటి దస్తావేజుకు కావలసినవి చాలా కనిపిస్తాయి. ఇచ్చినవాడి వంశం, పుచ్చుకున్నవాడి గోత్రం, నాలుగు దిక్కుల హద్దులు, చివర రాసినవాడి పేరు. హద్దులంటే చెరువు, పుట్ట, చింతచెట్టు. కానీ రాసినవాడు రాజు కొలువులో మనిషి. ఇచ్చేది రాజే, రాయించేది రాజే. పుచ్చుకున్నవాడి తరఫున ఆ హద్దులు తిరిగి చూసే మనిషి వేరే లేడు. అవసరమూ లేదు, దానం చేసేవాడి హక్కును ప్రశ్నించే దిక్కెక్కడ?

తర్వాతి కాలంలో ఊరి కాగితమంతా కరణం చేతికి వచ్చింది. ఎవరి పొలం ఎంత, ఎవరు ఎంత శిస్తు కట్టాలి, ఎవరి హద్దు ఎక్కడ, అన్నీ ఆయన కవిలె కట్టల్లోనే. పనిలో పనిగా ఊళ్ళోవాళ్ళకు అమ్మకం పత్రాలు, తాకట్టు పత్రాలు రాసిపెట్టేదీ చాలా చోట్ల ఆయనే. కరణానికి తెలియని పొలం లేదు. అదే ఆయన బలం, అదే ఊరి భయం. కొనేవాడు, అమ్మేవాడు, సర్కారు, ముగ్గురి పనీ చేసే మనిషి ముగ్గురిలో ఎవరి మేలు చూస్తాడో ఆ రోజును బట్టి ఉండేది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. కరణాల పెత్తనం పోయింది. దాంతోపాటు ఏ సర్వే నంబరు వెనక ఏ కథ ఉందో నోటితో చెప్పగలిగిన మనిషీ పోయాడు. పెత్తనం పోవడం మంచిదే. ఆ జ్ఞాపకం చోటులో మాత్రం మరొకటి సరిగా నిలబడలేదు.

పుస్తకంలో ఎక్కింది, హక్కు అయిందా?

ఇంగ్లీషు వాళ్ళు వచ్చాక కాగితం రాసే పని, కాగితాన్ని నమోదు చేసే పని విడిపోయాయి. 1864లో వచ్చిన రిజిస్ట్రేషన్ చట్టం నుంచి మొదలై 1866, 1871, 1877ల్లో మారుతూ చివరకు 1908 నాటి 16వ చట్టంగా స్థిరపడింది. కొన్ని మార్పులతో నేటికీ అదే నడుస్తోంది. ఇంకో పక్క 1882లో ఆస్తి బదిలీ చట్టం, 1899లో స్టాంపు చట్టం వచ్చాయి. వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మితే రిజిస్టరు చేయాల్సిందే. ఆ వంద 1882 చట్టంలోనూ ఉన్న వంద. నేటికీ వందే.

ఈ చట్టాన్ని చదివినప్పుడు కంప్యూటర్ మనిషిగా నాకు ఒక ముచ్చట కలిగింది. సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులన్నీ ఎక్కేది ఒకటో పుస్తకంలో. దానికి రెండు సూచికలు ఉండాలని చట్టమే చెప్పింది. మొదటి సూచిక మనుషుల పేర్లతో, రెండోది ఊరు, ఆస్తి వివరాలతో. నేడు మేము డేటాబేసులో ఇండెక్సు కట్టే పద్ధతి ఇదే కదా! నూరేళ్ళ కిందటి గుమాస్తాలు సిరా కలంతో కట్టారు. మనం ఈసీ అని పిలిచే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ ఆ సూచికలు తిరగేసి ఇచ్చే జవాబే.

కానీ ఇండెక్సులో ఎక్కనిది వెతుకులాటలో దొరకదు. తండ్రి పోయి కొడుకులకు వచ్చిన ఆస్తి అందులో కనిపించదు. నోటిమాటతో జరిగిన పంపకం కనిపించదు. రిజిస్టరు కాని వీలునామా కనిపించదు. కోర్టులో నడుస్తున్న దావా చాలాసార్లు కనిపించదు. సర్వే నంబరు ఒక అంకె తప్పు పడితే ఏదీ కనిపించదు. "నిల్ ఈసీ వచ్చింది, ఇంకేం భయం లేదు" అని రిగ్గైలో ఎంతమంది నోట విన్నానో! నిల్ అంటే ఆ పుస్తకంలో, ఆ ఏళ్ళలో, ఆ వివరాలతో ఏమీ దొరకలేదని అర్థం. అంతకుమించి ఏమీ కాదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. మన సర్కారు నమోదు చేసేది దస్తావేజును, హక్కును కాదు. ఫలానావాడు ఫలానావాడికి అమ్మానని సంతకం పెట్టాడు, మా ఎదుట ఒప్పుకున్నాడు, అంతవరకే. అమ్మినవాడికి అమ్మే హక్కుందా అని తేల్చడం సబ్-రిజిస్ట్రారు పని కాదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే మళ్ళీ స్పష్టం చేసింది. ఇంకోవైపు అడంగల్, 1-బి, పట్టా పాసుపుస్తకం రెవెన్యూ శాఖవి. ఇంటిపన్ను రసీదు మున్సిపాలిటీది. మూడు శాఖలు, మూడు పుస్తకాలు. మూడూ కలిపి చూసి "ఈ ఆస్తి ఇతనిదే" అని చెప్పి, చెప్పినదానికి పూచీ పడే మనిషి ఈ ఏర్పాటులో ఎక్కడా లేడు.

మన దస్తావేజు భాష కూడా ఈ చరిత్రంతా దాచుకుంది. ఇక్కడి ప్రభుత్వ కార్యాలయాల్లో ఆ మాటలు చెవిన పడినప్పుడల్లా నాకు ఊరి తాలూకాఫీసు గుర్తొస్తుంది. పవర్ ఆఫ్ అటార్నీని అరబ్బీలో వకాలా అంటారు. మన వకాలత్తు, వకీలు అక్కడివే. హక్కు, దాఖలు, నకలు, వసూలు, రద్దు, ఇవన్నీ అరబ్బీ నుంచి పారసీ చేయి పట్టుకుని నవాబుల కచేరీల గుండా మన దగ్గరికి చేరిన మాటలే. దస్తావేజు అచ్చంగా పారసీ. ఎదుటివాడి తరఫున నిలబడేవాడికి వకీలు అనే మాట అన్ని వందల ఏళ్ళ కిందటే వచ్చింది. కోర్టు గుమ్మం దగ్గర ఆ మాట మనకు వాడుకైంది. సబ్-రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం దగ్గర కాలేదు.

ఇంగ్లండులో ఏం జరిగింది?

ఇంగ్లండులో ఈ పని సొలిసిటర్ల చేతికి ఎలా వచ్చిందో చూస్తే అందులో ఆదర్శం కన్నా బేరం ఎక్కువ. 1804లో పిట్ ప్రభుత్వం సొలిసిటర్ల లైసెన్సుల మీద, శిష్యరికం పత్రాల మీద పన్ను పెంచింది. వాళ్ళను చల్లబరచడానికి, డబ్బు తీసుకుని ఆస్తి బదిలీ పత్రాలు రాసే పనిని అర్హతలేని వాళ్ళెవరూ చేయకూడదని అదే చట్టంలో కట్టడి పెట్టింది. నూట ఎనభై ఏళ్ళు ఆ గుత్తాధిపత్యం నడిచింది. 1985లో చట్టం మార్చి లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అనే కొత్త వృత్తిని పక్కన నిలబెట్టారు, పోటీ వచ్చింది.

బేరంతో పుట్టినా అందులోంచి ఒక మంచి అలవాటు వచ్చింది. కొనేవాడికి ఒక మనిషి, అమ్మేవాడికి ఒక మనిషి. ఎవరి ఫీజు ఎవరిదో ముందే కాగితం మీద ఉంటుంది. తప్పు చేస్తే నష్టం కట్టడానికి ఆయనకు బీమా తప్పనిసరి. పైగా ఆ దేశంలో రిజిస్టరయ్యేది దస్తావేజు కాదు, హక్కే. హక్కును రిజిస్టరు చేసి దానికి సర్కారే పూచీ పడే పద్ధతిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టారెన్స్ నడిపించాడు. అందుకే దానికి ఆయన పేరే నిలిచింది.

మనకు వచ్చింది మాత్రం సగం సామాను. ఇంగ్లీషు వాళ్ళ దస్తావేజు వచ్చింది, దస్తావేజు వెనక నిలబడే మనిషి రాలేదు. మన చట్టంలో అమ్మకం పత్రం వకీలే రాయాలని ఎక్కడా లేదు. ఎవరైనా రాయవచ్చు. రాసిపెట్టే పని సబ్-రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ చెట్ల కింద, చిన్న గదుల్లో కూర్చున్న దస్తావేజు లేఖరులకు దక్కింది. వాళ్ళను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సర్వే నంబరు, ఎకరా సెంట్లు, హద్దులు, మార్కెట్ విలువ, స్టాంపు లెక్క వాళ్ళ వేళ్ళ మీద ఉంటాయి. మంచి లేఖరి రాసిన పత్రం కోర్టులో కూడా నిలుస్తుంది. కానీ ఆయన పని రాయడం. హక్కు తరచి చూడడం కాదు. వేరే ఒప్పందం లేకపోతే స్టాంపు ఖర్చు కొనేవాడిదేనని చట్టం చెబుతుంది, ఆ లెక్కనే రాత ఖర్చు కూడా ఎక్కువగా కొనేవాడే ఇస్తాడు. ఇద్దరినీ ఆయన దగ్గరికి తీసుకొచ్చేది బ్రోకరు. రేపు ఇంకో బేరం తెచ్చేదీ బ్రోకరే. కాబట్టి ఆయన ఎవరి మనిషి అంటే, ఆ రిజిస్ట్రేషన్ ఆగకుండా జరిగిపోవాలని కోరుకునే మనిషి.

మా ఇంటి సంగతి

2018లో మా పాత ఇంటి అమ్మకం ఇక్కడికొచ్చి ఆగింది. కడప జిల్లాలో ఒక చిన్న టౌను. మా జేజినాయన 1958లో తన జీతం డబ్బుతో స్థలం కొని మిద్దె వేశాడు. 1979లో వీలునామా ఏదీ రాయకుండా పోయాడు. జేజి 1991లో, మా నాయన 2014లో పోయారు. ఇంటిపన్ను ముప్పై ఏళ్ళుగా నాయన పేరున ఉంది. కరెంటు బిల్లు నాయన పేరున ఉంది. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచి తీస్తే ఏమీ లేదు, శుభ్రంగా ఉంది. ముప్పై ఆరు లక్షలకు బేరం కుదిరింది. అమ్మ, అన్న, చెల్లెలు, నేను, నలుగురం సంతకం పెడితే చాలని కొనేవాళ్ళు పిలిపించిన లేఖరి చెప్పాడు.

నేను ఒప్పుకోలేదు. మా తరఫున ఒకాయన చూడాలని పట్టుబట్టి, మా జిల్లాలో సివిలు కేసులు చేసే ఒక వకీలును ఫోన్లో పట్టుకున్నాను. ఫీజు ముందే మాట్లాడుకున్నాం. ఆయన సర్వే నంబరు అడగలేదు. ఈసీ అడగలేదు. మొట్టమొదట అడిగింది ఇదీ: "మీ జేజినాయనకు ఆడపిల్లలెంతమంది?"

ఇద్దరు. మా మేనత్తలు. పెద్దత్త ఊళ్ళోనే ఉంది. చిన్నత్త పోయింది, ఆమె కొడుకు మస్కట్‌లో, కూతురు తిరుపతిలో ఉన్నారు. వకీలు లెక్క చెప్పాడు. జేజినాయన స్వార్జితం, వీలునామా లేదు, కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం 1979లోనే ఆ ఇల్లు నాలుగు భాగాలైంది. జేజికి, మా నాయనకు, ఇద్దరు అత్తలకు సమానంగా. జేజి పోయాక ఆమె భాగం మళ్ళీ ముగ్గురు పిల్లలకు. అంటే మా నాయనది మూడోవంతు. మా నలుగురిదీ కలిపి మూడోవంతు.

ఆడపిల్లల హక్కు అనగానే మనవాళ్ళందరికీ 1985 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ, 2005లో వచ్చిన కేంద్ర సవరణ గుర్తొస్తాయి. అవి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతో భాగమిచ్చినవి. తండ్రి స్వార్జితంలో కూతురి వాటా 1956 నుంచే ఉంది. ఉన్న సంగతిని ఊళ్ళో ఎవరూ పైకి అనరు. లేఖరి కూడా "ఆడపిల్లలు ఎప్పుడో పెళ్ళిళ్ళయి పోయినారు, వాళ్ళ పేర్లెందుకు సార్" అన్నాడు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. ఎన్నో దస్తావేజులు ఆయన అలాగే రాశాడు, ఎవరూ అడగలేదు.

మా అన్నకు మాత్రం కోపం వచ్చింది. మనిషికి తొమ్మిది లక్షలు రావలసిన చోట మూడు లక్షలు వస్తాయి. "ఇన్నేళ్ళు మనమే ఉన్నాం, మనమే రిపేర్లు చేయించాం, ఈ వకీలు మన తరఫా, అత్తల తరఫా?" అని ఫోన్లో అరిచాడు. వకీలు నెమ్మదిగా చెప్పాడు. సహహక్కుదారుల్లో ఒకరు ఇంట్లో ఉంటే అది మిగతావాళ్ళ తరఫున కూడా ఉన్నట్టేననీ, ఎన్నేళ్ళున్నా అంతమాత్రాన వాళ్ళ భాగం మనదైపోదనీ. ఇవాళ సంతకాలు లేకుండా అమ్మితే రేపు దావా పడేది కొన్నవాళ్ళ మీదా, మన మీదా అని. "మీకు నచ్చేది చెప్పేదానికైతే నాకు ఫీజెందుకు?" అన్నాడు.

పెద్దత్త దగ్గరికి అన్న వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ముభావంగానే వెళ్ళాడు. ఆమె అన్న మాట ఆ రాత్రే నాకు ఫోన్లో చెప్పాడు. "ఆ మిద్దె కట్టేటప్పుడు మట్టి తట్టలు నేను గూడా మోసినా అబ్బీ. సంతకం అడిగేదానికి ఎవురన్నా వస్తారా అని ఇన్నేండ్లూ చూస్తాంటి. వచ్చినారు, చాలు." డబ్బు వద్దంది. వకీలు తీసుకోవలసిందేనన్నాడు, మేమూ అదే అన్నాం. అత్తతో సహా హక్కున్న వాళ్ళందరూ అమ్మకందార్లుగా ఒకే దస్తావేజులో సంతకం పెట్టారు. మస్కట్‌లో ఉన్న అత్త కొడుకు, కువైట్‌లో ఉన్న నేను, ఇద్దరం మన ఎంబసీల నుంచి పవర్ పంపాం. రిజిస్ట్రేషన్ నాలుగు నెలలు ఆలస్యమైంది. కొన్నవాళ్ళు మొదట విసుక్కున్నారు. తర్వాత వాళ్ళ బ్యాంకు వకీలు అప్పు మంజూరు చేసేటప్పుడు ఇదే ప్రశ్న అడిగాడట. మా కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

మన తరఫు మనిషంటే మన లాభం పెంచేవాడనుకుంటాం. నిజానికి మనకు ఇష్టంలేని ప్రశ్నను కొనేవాడి కన్నా ముందు, కోర్టు కన్నా ముందు అడిగేవాడు. మా ఇంట్లో ఆ ప్రశ్న వల్ల మనిషికి ఆరు లక్షలు తగ్గాయి, ఒక మేనత్త మిగిలింది.

ఎంబసీ ముద్ర ఎంతవరకు?

దూరంగా ఉన్నవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. 1908 చట్టంలో 33వ సెక్షను ప్రకారం దేశం బయట ఉన్నవాడు నోటరీ ఎదుటో, భారత కాన్సులు ఎదుటో సంతకం పెట్టి ధ్రువీకరించిన పవర్ మన సబ్-రిజిస్ట్రారు దగ్గర చెల్లుతుంది. ఎంబసీ ముద్ర వేసేది సంతకం మనదేనని. లోపల ఏం రాసిందో, దాంతో మన మనిషి ఏం చేస్తాడో వాళ్ళకు సంబంధం లేదు. ఆ పత్రం ఇండియా చేరాక మూడు నెలల లోపు అక్కడ స్టాంపు వేయించాలని స్టాంపు చట్టం చెబుతుంది. మన వైపు అది జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో జరుగుతుంది. ఆ గడువు దాటిపోయి మళ్ళీ మొదటికొచ్చిన వాళ్ళు మా వీధిలోనే ఉన్నారు.

జనరల్ పవర్ అంటే ఇంటి తాళాల గుత్తి అంతా ఇచ్చినట్టు. ఒక ఆస్తి, ఒక పని, ఫలానా ధరకు తగ్గకుండా, డబ్బు నా ఖాతాలోకే అని రాసిన స్పెషల్ పవర్ ఒక్క గది తాళం ఇచ్చినట్టు. మామూలుగా ఇచ్చినవాడు పోతే పవర్ కూడా పోతుంది. పవర్ రాసిచ్చి దాన్నే అమ్మకంగా చలామణి చేసే అలవాటు మన దేశంలో చాలా ఏళ్ళు నడిచింది. 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి వాటితో హక్కు బదిలీ కాదని తేల్చింది. అన్నకో, భార్యకో తన తరఫున సంతకం పెట్టమని నిజంగా ఇచ్చే పవర్‌కు ఇబ్బంది లేదనీ అదే తీర్పులో చెప్పింది.

కంప్యూటరు వచ్చింది, పూచీ రాలేదు

1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ పేరుతో రెండు వందలకు పైగా సబ్-రిజిస్ట్రారు ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాయి. అప్పుడు నేను డిగ్రీలో చేరిన కొత్త. రోజుల తరబడి తిరిగితే వచ్చే ఈసీ నిమిషాల్లో చేతికొస్తుంటే మా మాస్టారు దాన్ని క్లాసులో పాఠంగా చెప్పారు. నేను ఈ వృత్తిలోకి రావడానికి అదీ ఒక కారణం. 2020 అక్టోబరు 29న తెలంగాణలో వ్యవసాయ భూములకు ధరణి వచ్చింది, దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో టారెన్స్ దారిలో హక్కుకే పూచీ ఇస్తామంటూ తెచ్చిన భూహక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. వివాదాలను కోర్టుల నుంచి తప్పిస్తుందని వకీళ్ళు ఆందోళన చేశారు, ఎన్నికల్లో పెద్ద చర్చ అయింది, 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది.

రాజకీయం పక్కన పెట్టి నా వృత్తి కళ్ళతో చూస్తే ఇందులో ఒకే పాఠం ఉంది. పాత లెక్క తప్పయితే దాన్ని కొత్త యంత్రంలోకి ఎక్కించినా తప్పే, కాకపోతే తొందరగా కనిపిస్తుంది. మా ఇంటి ఈసీ ఎంత బాగా కంప్యూటర్లో ఎక్కినా 1979లో ఇద్దరు ఆడపిల్లలు హక్కుదారులయ్యారని అది చెప్పదు. అడిగే మనిషి కావాలి.

మరి ఎంచుకోవడం ఎలా?

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. చూసేవాడు, రాసేవాడు, మన బదులు సంతకం పెట్టేవాడు, ఈ ముగ్గురూ వేరువేరు మనుషులుగా ఉండాలి. పవర్ తీసుకున్నవాడే వకీలును తెస్తే, వకీలే బ్రోకరును తెస్తే, ముగ్గురూ కలిసి ఒకరైపోతారు.

చూసే మనిషి ఫీజు మీరే ఇవ్వాలి. అదీ ముందే మాట్లాడుకున్న మొత్తంగా ఉండాలి, ఆస్తి ధరలో వంతుగా కాదు. వంతు తీసుకునేవాడికి బేరం చెడడం ఇష్టం ఉండదు. బ్యాంకు అప్పు ఇస్తోంది కాబట్టి వాళ్ళ వకీలు చూశాడులే అని ఊరుకోకూడదు. ఆయన అభిప్రాయం బ్యాంకు కోసం. అమ్మేవాళ్ళు ఇచ్చిన లీగల్ ఒపీనియన్ అమ్మేవాళ్ళ కోసం.

ఆస్తి ఉన్న చోటి సివిలు కోర్టులో పనిచేసేవాడైతే మేలు. హైదరాబాదులో ఎంత పేరున్నవాడైనా మన టౌను కోర్టులో ఆ స్థలం మీద దావా ఉందో లేదో అక్కడివాడికే తెలుస్తుంది. 1983కు ముందు సంగతులకు చేతిరాత పుస్తకాలు వెతికించగలగాలి. నవాబుల కాలం నాటి తెలంగాణ కాగితమైతే ఉర్దూ చదివించగలగాలి. 22-ఎ నిషేధిత జాబితా చూడాలి. 1977 చట్టం కిందికి వచ్చే అసైన్డు భూమి కాదని తేల్చుకోవాలి. మన ఎన్ఆర్ఐలు వ్యవసాయ భూమి కొనకూడదన్న విదేశీ మారక నిబంధన ఆయనే మనకు గుర్తుచేయాలి.

చివరికి ఆయన చెప్పేది రాతలో ఉండాలి. ఏయే కాగితాలు చూశాడు, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు, ఎవరి నుంచి ఎవరికి హక్కు ఎలా వచ్చింది, ఏది చూడలేకపోయాడు. ఈ చివరిది రాయని ఒపీనియన్‌ను నేను నమ్మను. ఇంగ్లండులోలా మనకు వకీలు బీమా రక్ష లేదు. వకీళ్ళ సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. బార్ కౌన్సిలు, సివిలు కోర్టు ఉన్నాయి, కానీ అవి దూరపు దారులు. అందుకే మొదటి ఫోన్లో ఆయన ఏం అడుగుతాడో వినండి. ధర ఎంత అని అడిగితే ఇంకొకరిని వెతకండి. ఎంతమంది తోబుట్టువులు అని అడిగితే ఆయన మీ మనిషి.

మా రెండో తరం తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. రేపు మా అమ్మాయి చేతికి మా దస్తావేజులు వస్తే వాటిలోని "యావత్తు హక్కులతో, నిధి నిక్షేప జల తరు పాషాణములతో" అన్న వరుస ఆమెకు మంత్రంలా ఉంటుంది. అందుకని ప్రతి ఆస్తి ఫైలు మీదా ఒక పేజీ రాసి పెట్టాను. ఎవరు కొన్నారు, ఏ డబ్బుతో, ఎవరెవరికి భాగం ఉంది, ఎవరు సంతకం పెట్టారు, ఎవరిని అడిగి పెట్టించాం. పెద్దత్త పేరు అందులో మొదటి వరుసలో ఉంది.